ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏది? ఇంకొకరికి ఇవ్వాలంటే ఏది ఇస్తారు?

పాలపిట్ట:
అందరికీ నమస్కారం. పాత థ్రెడ్ మరీ పొడుగైపోయింది. ఏ పుస్తకం గురించి ఎవరేం చెప్పారో వెతుక్కోలేకపోతున్నాం కాబట్టి కొత్తది మొదలుపెడుతున్నాను. ఒక్కటే మాట. పుస్తకం పేరు రాసి "తప్పక చదవండి" అని వదిలేయకండి. అందులో మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది ఏమిటో కాస్త చెప్పండి.

నేను మళ్ళీ 'కాలాతీత వ్యక్తులు' తీశాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. విశాఖపట్నంలో ఒక ఇల్లు, మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం, కింద ఉద్యోగం చేసుకునే ఇందిర, ఆమె సంపాదన మీద నడిచే తండ్రి ఆనందరావు. ఇక్కడి నుంచి మొదలవుతుంది కథ. ఇందిర మంచిదా చెడ్డదా అని రచయిత్రి ఎక్కడా తీర్పు చెప్పదు. తనకేం కావాలో ఇందిరకు తెలుసు, అది దాచుకోదు. ఆ రోజుల్లో నవలల్లో ఆడవాళ్ళు ఎక్కువగా త్యాగాలు చేసి కన్నీళ్ళు తుడుచుకుంటుంటే, ఈమె మాత్రం "నేను బతకాలి" అని నిలబడుతుంది. ప్రకాశం మీద జాలి పడాలో కోపగించుకోవాలో ప్రతిసారీ తేలదు నాకు. శ్రీదేవి 1961లో, ముప్ఫై రెండేళ్ళు నిండకుండానే వెళ్ళిపోయింది. ఇంకో నవల రాసి ఉంటే ఎలా ఉండేదో అని ఇది మూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

దీన్ని ఆధారం చేసుకుని 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా తీశారు. సినిమా హాయిగా ఉంటుంది. కానీ ఇందిరను చూడాలంటే నవలే చదవాలి.

గోస్తని:
పాలపిట్ట గారూ, విశాఖ అన్నారు కాబట్టి నేనూ అక్కడి రచయిత గురించే చెబుతాను. ప్రస్తుతం రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' చదువుతున్నాను. మద్యనిషేధం చట్టం ఉన్న రోజుల్లో సారా కేసులు, కోర్టులు, పోలీసులు, ప్లీడర్లు. ఆయన స్వయంగా ప్లీడరు. కోర్టు వరండాలో ఎవరు ఎవరితో ఎంత చిన్న గొంతుతో మాట్లాడతారో కూడా ఆయనకు తెలుసు.

మొదట 'మాయ' చదవండి. కొత్తగా ప్రాక్టీసుకు వచ్చిన కుర్ర ప్లీడరుకు ముత్యాలమ్మ అనే మనిషి లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది. న్యాయశాస్త్రం చదువుకున్నవాడు వింటూ ఉంటాడు, సారా కేసులో ఇరుక్కున్న మనిషి పాఠం చెబుతుంది. ఆ మాటల్లో ఎక్కడా ఉపన్యాసం ఉండదు. ఉత్తరాంధ్ర మాట ఎంత పదునుగా ఉంటుందో తెలియాలంటే ఆ కథ చాలు.

నవల కావాలంటే 'అల్పజీవి'. సుబ్బయ్య భయం మనకు అంటుకుంటుంది. భయపడే మనిషిని అంత దగ్గరగా, అంత ఓపికగా చూసిన రచయిత మనకు ఇంకొకరు లేరని నా నమ్మకం.

రాత్రిడ్యూటీ:
అక్కా, అన్నలూ, నేను కొత్త. బెంగళూరులో ఉంటాను, ఎక్కువగా నైట్ షిఫ్టులే. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. చదువంతా ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవగలను గానీ నెమ్మది. పేజీ చివరికి వచ్చేసరికి పైన ఏం చదివానో మర్చిపోతాను. పెద్ద పుస్తకం చూస్తే టెన్షన్. అయినా చదవాలని ఉంది. మా జేజి (నాయనమ్మ) చెప్పిన కథల్లాంటి భాషలో ఏమన్నా ఉంటే చెప్పండి. ఒక్క పుస్తకం చాలు. లిస్టు ఇస్తే మళ్ళీ ఏది మొదలుపెట్టాలో తెలియదు.

వేపచెట్టు:
బాబూ, చదవాలన్న కోరిక కలిగింది కదా, సగం పని అయినట్టే. నన్నడిగితే 'వేయిపడగలు' తీసుకో. పెద్దదే, కాదనను. కానీ నెమ్మదిగా చదివేవాడికి పెద్ద పుస్తకం అడ్డం కాదు, తోడు. 1934 నాటి రచన. విశ్వనాథ సత్యనారాయణ గారు నోటితో చెబుతూ పోతుంటే తమ్ముడు రాశారు. అందుకే ఆ వాక్యాలకు మాట్లాడే మనిషి ఊపిరి ఉంటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, పెట్టిన పోటీలో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు గారు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. సుబ్బన్నపేట అనే ఊరు, కోట, గుడి, ఒక్కొక్కటిగా ఎలా మారిపోయాయో అందులో ఉంది. పసిరిక అనే పిల్లవాడు పంటచేల మధ్య తిరుగుతూ మాట్లాడే చోట్లు చదివితే, ఆ రాత్రికి ఇంకే పుస్తకం అక్కరలేదు.

చిత్రావతి:
వేపచెట్టు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. పేజీ చివరికి పైన చదివింది మర్చిపోతున్న పిల్లాడికి వేయిపడగలు ఇస్తే అతను వందో పేజీ దగ్గర ఆగిపోతాడు. ఆగిపోయాక "తెలుగు నావల్ల కాదు" అనుకుంటాడు. ఇలా ఆగిపోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ పుస్తకానికి ఒక వేళ ఉంది. అది మొదటి వేళ కాదు.

తమ్ముడూ రాత్రిడ్యూటీ, మదనపల్లె అన్నావు. ఇంకేం ఆలోచించకుండా నామిని సుబ్రమణ్యం నాయుడు 'మిట్టూరోడి కథలు' తెచ్చుకో. మీ జేజి భాషే. చిత్తూరు జిల్లా పల్లె మాట ఉన్నదున్నట్టు అచ్చులోకి ఎక్కింది. ఒక్క సలహా: కళ్ళతో చదవొద్దు, నోటితో చదువు. బయటికి వినపడేలా. బడిలో నేర్పిన తెలుగులో ఆ మాటలు ఉండవు కాబట్టి కన్ను తడబడుతుంది. చెవికి మాత్రం అవన్నీ చిన్నప్పటి నుంచి తెలుసు. రెండు కథలు అలా చదివావంటే మూడోది కన్నే చదువుకుంటుంది.

నేనైతే ప్రస్తుతం డాక్టర్ కేశవరెడ్డి నవలలు వరసపెట్టి చదువుతున్నాను. ఆయనదీ చిత్తూరు జిల్లానే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేశారు, 2015లో పోయారు. 'అతడు అడవిని జయించాడు' సన్నటి పుస్తకం. పందులు మేపుకునే ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది తప్పిపోతే వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కథంతా ఇంతే. కానీ ఆ ముసలివాడికి అడవి ఎలా తెలుసో చూడాలి. ఏ పొద చాటున ఏముంటుంది, చీకట్లో ఏ చప్పుడు దేనిది, నక్కలు ఎటు నుంచి వస్తాయి, చేతిలో ఉన్న ఈటె ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు. ఆ మనిషికి పేరు లేదు. పేరు లేదన్న సంగతి కూడా నాకు చాలా పేజీలు గడిచాకే తట్టింది, అంతగా అతని వెంట నడిచిపోయాను. ముగింపు చెప్పను. చదివినవాళ్ళు కూడా దయచేసి ఇక్కడ రాయకండి.

వేపచెట్టు:
చిత్రావతి గారూ, మీరన్న "వేళ" మాట ఆలోచించదగిందే. నోటితో చదవమన్న సలహాకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మా నాన్నగారు ఏ పుస్తకమైనా అరుగు మీద కూర్చుని పైకే చదివేవారు, వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. అయితే ఒక్క విన్నపం. కష్టమైన పుస్తకాన్ని కుర్రవాళ్ళకు చెప్పడమే మానేస్తే, ఇంకో పాతికేళ్ళకు దాని గురించి చెప్పేవాళ్ళే ఉండరు. రాత్రిడ్యూటీ ముందు నామిని చదవనివ్వండి. విశ్వనాథ గురించి నేను మళ్ళీ గుర్తుచేస్తాను.

మంజీర:
ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ మంచివే. కానీ ఎప్పుడు ఇలాంటి చర్చ జరిగినా తెలంగాణ పుస్తకం పేరు ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప రాదు. మా కాలేజీ రోజుల్లోనూ ఇంతే. 'చదవాల్సిన నవలలు' అని బోర్డు మీద రాస్తే అందులో మా వైపు రచయిత ఒక్కరూ ఉండేవారు కాదు. ఇది నాకు ఇప్పటికీ నొప్పే. అందుకే నేను గుర్తుచేస్తున్నా.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదువుతున్నాను. 1955లో వచ్చింది. తెలంగాణ తొలి నవలగా చాలామంది దీన్నే చెబుతారు. నిజాం కాలపు పల్లె, దొర, వెట్టి, ఆంధ్ర మహాసభ, ఇవన్నీ పాఠ్యపుస్తకంలో లాగా కాదు, ఇంట్లో జరిగినట్టు ఉంటాయి. కంఠీరవం అనే మామూలు పిల్లగాడు ఊరి మనిషిగా ఎట్లా ఎదిగాడో మెల్లగా చెబుతాడు. రాసినాయన జీవితం కూడా అట్లాంటిదే. హోటల్లో పనిచేశాడు, ప్రూఫులు దిద్దాడు, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి, వాటిని తనే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. నిజామాబాద్ జైల్లో దాశరథితో కలిసి ఉన్నాడు. దాశరథి 'అగ్నిధార' ఆయనకే అంకితం ఇచ్చాడు. పుస్తకం జనం చేతికి అందాలని ఇంత తపన పడ్డ మనిషి పుస్తకాన్ని మనం చదవకపోతే ఎట్లా?

దాని తర్వాత 'మనకు తెలియని మన చరిత్ర' చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలు, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్ళు రికార్డు చేసి 1986లో అచ్చువేశారు. ఉద్యమం అయిపోయాక ఇంటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియని ఆడవాళ్ళు మాట్లాడతారు అందులో. చదువుతూ మధ్యలో లేచి బయట తిరిగి రావాల్సి వచ్చింది నాకు.

గోస్తని:
మంజీర గారూ, దానికి జతగా కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' కూడా చదివారా? 2012లో వచ్చింది. కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన మనిషి, నిండా నూరేళ్ళు బతికింది. భర్త, కమ్యూనిస్టు పార్టీ, పిల్లలు, ఒక్కొక్కరు దూరమైనప్పుడు ఆమె ఎవరినీ తిట్టదు. జరిగింది జరిగినట్టు చెప్పి ముందుకు పోతుంది. అంత తక్కువ మాటల్లో అంత దుఃఖం మోయడం నేను వేరే ఆత్మకథలో చూడలేదు.

మంజీర:
చదివాను. మా అమ్మకు చదివి వినిపించాను కూడా. అమ్మ ఏమీ అనలేదు, పుస్తకం మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

సీరియల్‌బైండు:
నవలలు, ఆత్మకథలు అన్నీ సరే, మా అమ్మ తరాన్ని పుస్తకాలకు అలవాటు చేసింది వారపత్రికలు అన్న మాట ఎవరూ అనలేదు. అద్దె పుస్తకాల షాపులు, యద్దనపూడి, యండమూరి, మధుబాబు షాడో, వీళ్ళు లేకపోతే మా వీధిలో పుస్తకం పట్టుకునేవాళ్ళే ఉండేవారు కాదు. వాళ్ళను చదివినవాళ్ళే తర్వాత బుచ్చిబాబు దాకా, చలం దాకా వచ్చారు. వాళ్ళ పేరెత్తగానే మొహం చిట్లించేవాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది అమ్మ బైండు చేయించుకున్న సీరియల్. వారం వారం పత్రికలోంచి ఆ కాగితాలు జాగ్రత్తగా చింపి, పూర్తయ్యాక ప్రెస్సులో ఇచ్చి కుట్టించింది. ముదురు ఎరుపు కాలికో అట్ట. కథ ఆగిన చోట పక్క కాలమ్‌లో సగం జోకు, వెనక పేజీలో తలనూనె ప్రకటన, ఒక చోట వంట చిట్కా మధ్యలో తెగిపోయి ఉంది. ఒక వారం పత్రిక దొరకలేదు. ఆ చోట అమ్మ తెల్లకాగితం పెట్టి, పక్కింటావిడను అడిగి ఆ వారం కథ ఏమిటో తన చేత్తో రాసి పెట్టింది. అచ్చు కథ కంటే ఆ కాగితమే ఎక్కువసార్లు చదివాను.

డాలస్_పిన్ని:
సీరియల్‌బైండు గారూ, మీరు రాసింది చదివి మా అత్తయ్య బీరువా గుర్తొచ్చింది.

మాది వేరే ఇబ్బంది. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని రాత్రిపూట నేనే చదివి వినిపిస్తాను. ముళ్ళపూడి వారి 'బుడుగు' బాగా నడిచింది. ప్రైవేటు మాష్టారు అంటే ఏమిటో చెప్పడానికి కొంత సమయం పట్టింది గానీ, బుడుగు మాట్లాడే తీరు వాళ్ళకు వెంటనే పట్టేసింది. ఇప్పుడు సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు' చదువుతున్నాం. నాన్నకు బదిలీలు, ఊరు మారితే కొత్త బడి, చెల్లెళ్ళ మీద పెత్తనం. మా పెద్దది తన చెల్లెలి వైపు చూస్తూ వింటుంది. ఆ తర్వాత ఏం చదవను? పది పన్నెండేళ్ళ పిల్లలకు సరిపోయేవి చెప్పండి.

లైబ్రరీకార్డు:
పిన్ని గారూ, నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'కాంచన ద్వీపం'. మీ పిల్లలు ఆ కథలు ఇంగ్లిష్‌లో విని ఉండొచ్చు, అదే మేలు. కథ తెలిసి ఉంటే తెలుగు మీద దృష్టి పెడతారు. అనువాదం అన్న ఊసే రానివ్వని తెలుగు అది.

ఇక నా సంగతి. ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' చదువుతున్నాను, పూర్తి చేయాలని తొందర కూడా లేదు. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటలు ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పల్లకీ బోయీలు, వంటవాళ్ళు, బంధువులు కలిసి నూరు మంది దాకా వెంట. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ జగన్నాథం, అక్కడి నుంచి కోస్తా వెంబడే మద్రాసు. దారి పొడవునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపినవే ఈ పుస్తకం అయ్యాయి. శ్రీనివాసపిళ్ళె 1838లో అచ్చువేయించారు. అప్పటికి వీరాస్వామయ్య లేరు.

రైలు లేని రోజుల్లో ప్రయాణం అంటే ఏమిటో ఇందులో తెలుస్తుంది. ఏ ఊళ్ళో సామాను దొరుకుతుంది, ఎక్కడ నీళ్ళు బాగుండవు, ఏ ఏరు ఎలా దాటాలి, బోయీలు ఎక్కడ దొరుకుతారు, యాత్రికుల దగ్గర ఎవరెవరు సుంకం గుంజుతారు, అన్నీ రాశారు. వెనక వచ్చేవాళ్ళకు పనికిరావాలని రాసినట్టుంటుంది. అలాగని వట్టి లెక్కల పుస్తకం కాదు. కొత్త ఊరికి వెళ్ళగానే అక్కడి మనుషులు ఏం తింటారు, ఏం కడతారు, ఎలా మాట్లాడతారు అని ఆరా తీస్తారు. మొదటి పది పేజీలు భాష కొంచెం కొరకరానిదిగా ఉంటుంది. వాక్యం పొడుగు, ఉర్దూ మాటలు, ఆనాటి కచేరీ మాటలు. దాటితే ఆయన పల్లకీ పక్కన మనమూ నడుస్తాం. ఇంట్లో ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ మ్యాపు ఉంటే పక్కన పెట్టుకుని చదవండి. మీ ఊరి దగ్గరి మజిలీ తగిలినప్పుడు కలిగే సంతోషమే వేరు.

పాత ముద్రణల స్కాన్లు ఆర్కైవ్ వెబ్‌సైటులో ఉన్నాయి, డాలస్ వాళ్ళకూ దొరుకుతాయి. కొన్ని పేజీలు మసకగా ఉంటాయి, ఓపిక పట్టాలి.

గోదారిగట్టు:
ఆలస్యంగా వచ్చాను. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి పేరు ఇంకా రాలేదేమిటండీ? 'గులాబీ అత్తరు' కథ ఒక్కటి చదవండి చాలు. ఉత్తరాది నుంచి అత్తరు తయారుచేసే సాయిబు పెద్దాపురం ప్రభువుకు తన పనితనం చూపించాలని వస్తాడు. ప్రభువు దాకా వెళ్ళనివ్వరు దివాణంలో వాళ్ళు. ఇవాళ ఏ ఆఫీసు మెట్ల మీద నిలబడినా ఆ కథ గుర్తొస్తుంది నాకు. సంభాషణలు వింటే గోదావరి జిల్లా పెద్దలు పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆయన ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' కూడా చదవాల్సిందే, అది తీరిక ఉన్నప్పుడు.

రాత్రిడ్యూటీ:
చిత్రావతి అక్కా, 'మిట్టూరోడి కథలు' దొరికింది. ఊరికి పోయినప్పుడు తెచ్చుకున్నా. రూములో ఫ్రెండ్ నిద్రపోతున్నాడని మేడ మీదికి పోయి పైకి చదివాను. మీరు చెప్పింది నిజం. కంటికి అర్థంకాని మాట నోట్లోకి రాగానే అర్థమైపోయింది. కొన్ని మాటలు మా జేజి తప్ప ఇంకెవరూ అనగా నేను వినలేదు. అవి పుస్తకంలో ఉంటాయని తెలియదు నాకు. రెండు కథలు రికార్డు చేసి మా అమ్మకు పంపిస్తే, ఇంకా పంపమని అడిగింది.

ఇప్పుడు కేశవరెడ్డిగారివి మొదలుపెడదామని ఉంది. 'అతడు అడవిని జయించాడు' షాపులో లేదన్నారు, తెప్పిస్తామన్నారు. అంతలోపు 'మునెమ్మ' ఉంది, 'రాముడుండాడు రాజ్జిముండాది' ఉంది. ఏది ముందు?

చిత్రావతి:
'మునెమ్మ' ముందు. చిన్నది, ఒక ఆడమనిషి భర్త చావు వెనకున్న నిజం కోసం బయల్దేరుతుంది. మొదలుపెడితే వదలవు. మరుసటి రోజు సెలవు ఉన్నప్పుడు మొదలుపెట్టు. 'రాముడుండాడు' ఆ తర్వాత. అమ్మకు పంపిన రికార్డింగు మాకూ పంపొచ్చు కదా.

డాలస్_పిన్ని:
మాకు కూడా! పిల్లలకు చిత్తూరు మాట వినిపించాలి.

వేపచెట్టు:
రాత్రిడ్యూటీ బాబూ, సంతోషం. 'మునెమ్మ' అయ్యాక ఒకసారి ఇటు రా. వేయిపడగలులో పసిరిక వచ్చే పేజీలు కొన్ని నేను పైకి చదివి రికార్డు చేసి ఉంచుతాను. ముందు విను, నచ్చితే పుస్తకం తెచ్చుకుందువు.